డెల్టా ఇంట్లో గుంపు చేపలు: అక్వేరియం పెట్టే ముందు నుంచి ఏడాది పొడవునా చేయవలసిన పనులు

గుంపుగా ఈదే చిన్న చేపలను ఇంట్లో పెంచాలనుకునేవారు సాధారణంగా షాపులో రంగు చూసి చేపను కొంటారు, కొన్నాక దానికి తగిన నీళ్ల కోసం వెతుకుతారు. గోదావరి డెల్టాలో ఈ వరుసను తిరగవేయడం మంచిది. ఇక్కడ ఒకే మండలంలో ఒక ఊరికి కాలువ నీళ్లు, పక్క ఊరికి బోరు నీళ్లు అందుతాయి. మే నెలలో ఇంట్లో నిలవ ఉంచిన నీళ్లు కూడా 32 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. కాలువలు కట్టేసిన రోజుల్లో పంపు నీళ్ల రుచీ వాసనా మారిపోతాయి. అందువల్ల ముందు మీ ఇంటికి వచ్చే నీళ్లు ఎలాంటివో, మీ గదిలో వేడి ఎంతవరకు పోతుందో తెలుసుకుని, ఆ రెండింటినీ ఇబ్బంది లేకుండా తట్టుకునే చేపను ఎంచుకోండి. ఎంత ఖరీదైన ఫిల్టరైనా, ఎన్ని మందులైనా మన నీళ్లకు సరిపడని చేపను ఏళ్ల తరబడి నిలబెట్టలేవు.

మొదట నీళ్ల సంగతి తేల్చుకోండి

ధవళేశ్వరం దగ్గర నుంచి వచ్చే కాలువ నీళ్లు మంచినీళ్ల చెరువులో నిలిచి పంచాయతీ పంపులోకి చేరే ఊళ్లలో ఉన్నవారు అదృష్టవంతులు; ఆ నీళ్లలో లవణాలు తక్కువ. అంతర్వేది, నరసాపురం, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా, సబ్బు నురగ కూడా సరిగా రానంత గట్టిగా ఉంటాయి. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని (టీడీఎస్) చూపించే, కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు ఒకటి కొని పంపు నీళ్లను, బోరు నీళ్లను విడివిడిగా కొలవండి. 300 లోపు ఉంటే దాదాపు అన్ని చిన్న చేపలకూ పనికివస్తాయి. 300 నుంచి 600 దాకా ఉంటే జీబ్రా డానియోల వంటి ఓర్పున్న చేపలు హాయిగా బతుకుతాయి. అంతకు మించితే ఆర్వో నీళ్లు కలపక తప్పదు. లెక్క తేలికే: బోరు నీళ్లు 900, ఇరవై లీటర్ల టిన్నులో తెచ్చుకునే ఆర్వో నీళ్లు 50 చూపిస్తే, రెండూ సమంగా కలిపినప్పుడు 475 దగ్గర నిలుస్తుంది.

అయితే ఆర్వో నీళ్లను మాత్రమే పోసి తొట్టె నింపకండి. వాటిలో కార్బనేట్లు దాదాపు ఉండవు కాబట్టి, చేపల వ్యర్థాల నుంచి పుట్టే ఆమ్లాన్ని అడ్డుకునేది ఏదీ లేక, కొన్ని వారాలలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) ఒక్కసారిగా పడిపోతుంది. మూడో వంతైనా పంపు నీళ్లో బోరు నీళ్లో కలిసి ఉండాలి.

టీడీఎస్ మీటరు లవణాల మొత్తాన్ని మాత్రమే చెబుతుంది, అవి ఏ లవణాలో చెప్పదు. ఈ విషయంలో మన ప్రాంతంవారికి ఉన్న సౌకర్యం చాలా నగరాలవారికి కూడా లేదు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల రైతుల కోసం నీటి పరీక్షలు చేసే ల్యాబులు, కిట్లు అమ్మే ఆక్వా షాపులు ఉన్నాయి. ఒక సీసాడు నీళ్లు తీసుకువెళ్లి పీహెచ్, క్షారత్వం, కాఠిన్యం, అమ్మోనియా చూడమని అడగండి. వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూపించుకుంటే మీ నీళ్లు ఏడాదిలో ఎంత మారతాయో తెలిసిపోతుంది.

పంచాయతీ నీళ్లలో బ్లీచింగ్ పౌడరు ఉంటుంది. ఆ క్లోరిన్ చేపల మొప్పలను కాల్చేస్తుంది. నీళ్లను వెడల్పాటి టబ్బులో పట్టి, గాలి రాయి (గాలి పంపు గొట్టానికి తగిలిస్తే బుడగలు వదిలే రాయి) వేసి ఒక రోజంతా వదిలేస్తే క్లోరిన్ పోతుంది. తొందరగా కావాలంటే హైపో అని అమ్మే సోడియం థయోసల్ఫేట్ పలుకులు వాడండి. 100 లీటర్లకు ఒక గ్రాము మామూలుగా సరిపోతుంది. కాలువలు వదిలే ముందు చెరువు అడుగంటిన రోజుల్లో బ్లీచింగ్ మోతాదు పెంచుతారు కాబట్టి, ఆ సమయంలో పట్టిన నీళ్లను వాసన చూసి, అనుమానం ఉంటే రెండు రోజులు నిలవ ఉంచండి.

జూలై, ఆగస్టు నెలల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు ఇంట్లో తాగునీటికి పటిక తిప్పడం మనకు అలవాటు. అక్వేరియం నీళ్లకు పటిక తిప్పవద్దు. లవణాలు తక్కువగా ఉన్న నీళ్లలో అది పీహెచ్‌ను దించుతుంది, కరిగి మిగిలిన అల్యూమినియం మొప్పలకు హాని చేస్తుంది. డ్రమ్ములో రెండు రోజులు కదలకుండా ఉంచి, పైన తేరిన తేటను మాత్రం మెల్లగా తోడుకోండి. నీళ్లలో కొంచెం మసక మిగిలినా చేపలకు ఏమీ కాదు.

ఏ చేప ఎంచుకోవాలి

నా సలహా సూటిగా చెబుతాను. డెల్టాలో ఏసీ లేని గదిలో మొదటిసారి గుంపు చేపలను పెంచేవారు జీబ్రా డానియోలతో మొదలుపెట్టాలి. ఇది మన ఉపఖండపు చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. మెల్లగా పారే వాగుల్లోనూ వరిచేల అంచుల నీళ్లలోనూ బతికే జీవి కావడంతో వేడిలో హెచ్చుతగ్గులను ఓర్చుకుంటుంది. ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో దీన్ని 28.5 డిగ్రీల వద్ద పెంచుతారు. అది మన ఇళ్లలో ఏడాదిలో చాలా నెలలు సహజంగా ఉండే వేడికి దగ్గర. నాలుగు సెంటీమీటర్లు దాటని ఈ చేప రోజంతా పరుగులు తీస్తుంది కాబట్టి దానికి పొడవైన తొట్టె కావాలి.

అందరూ కోరుకునేది నియాన్ టెట్రా. పెరూ, కొలంబియా, బ్రెజిల్ దేశాల్లో ఎగువ అమెజాన్ అడవుల నీడలో, ఆకులు నాని టీ రంగు తేలిన మెత్తని నీళ్లలో పుట్టే ఈ చేపకు 20 నుంచి 26 డిగ్రీలు అనువైన వేడి. మన ఏప్రిల్, మే నెలలను అది ఈడ్చుకొస్తుందే తప్ప బతకదు. ఎరుపూ నీలమూ కలిసిన ఆ మెరుపు మీకు తప్పనిసరిగా కావాలంటే, దానికి దగ్గర చుట్టమైన కార్డినల్ టెట్రాను ఎంచుకోండి. రియో నీగ్రో, ఒరినోకో నదుల ఈ చేప 28, 29 డిగ్రీల వేడిని నియాన్ కన్నా బాగా తట్టుకుంటుంది. కాని దానికి ఉప్పదనం లేని కాలువ నీళ్లు ఉండితీరాలి. హార్లెక్విన్ రాస్బోరా, బ్లాక్ స్కర్ట్ టెట్రా వేడిని ఓర్చుకోవడంలో మధ్యస్థంగా ఉంటాయి, నీడగా ఉండే గదిలో పెంచవచ్చు. వైట్ క్లౌడ్ మిన్నో చలి నీళ్ల చేప. షాపులో చవకగా కనిపించినా తీసుకోకండి.

పంట కాలువల్లో పిల్లలు వల వేసి పట్టే పరిగెలను తెచ్చి తొట్టెలో వేయడం కొందరికి సరదా. వెండిలా మెరిసే ఆ చేపలు నిజంగా అందమైనవే, మన వేడికి పుట్టినవే. కాని వాటితో పాటు చేప పేను, లెర్నియా పురుగు ఇంటికి వస్తాయి. వేరే టబ్బులో నెల రోజులు ఉంచి, ఒంటి మీద పేనుగాని దారంలా వేలాడే పురుగుగాని లేదని ఖాయం చేసుకున్నాకే మిగతా చేపల దగ్గరకు చేర్చాలి. పొలాల్లో మందు కొట్టే రోజుల్లో అసలు తేవద్దు.

తొట్టె, దాని చోటు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 56 లీటర్లు పడతాయి. రాస్బోరాలకు, కార్డినళ్లకు ఇది కనీసం. డానియోలకు మూడడుగుల పొడవు ఉండాలి, అందులో 85 లీటర్లు పడతాయి. ఎత్తు కన్నా పొడవుకు డబ్బు పెట్టండి. లోతైన, కురచైన తొట్టె షోకేసులో బాగుంటుందిగాని గుంపు తిరగడానికి అందులో చోటు ఉండదు, గాలి సోకే నీటి ఉపరితలమూ తక్కువే. నీళ్లు నిండిన మూడడుగుల తొట్టె, ఇసుకతో కలిపి 100 కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి స్టాండు గట్టిదై ఉండాలి, తొట్టె కింద థర్మోకోల్ షీటు పరవాలి.

పడమటి గోడకు ఆనించి పెట్టవద్దు. సాయంత్రం దాకా ఎండ తిన్న గోడ రాత్రంతా తొట్టెను వేడి చేస్తుంది. రేకుల కప్పు కింద గది కన్నా స్లాబు ఇంట్లో కింది అంతస్తు మేలు. కిటికీ ఎండ నేరుగా పడితే వేడితో పాటు పాచి కూడా పెరుగుతుంది.

అడుగున పరవడానికి గోదావరి ఇసుక చక్కగా సరిపోతుంది. కొంచెం ముతకదాన్ని జల్లించి, కడిగిన నీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ కడగండి. సముద్రపు ఒడ్డు ఇసుకలో గవ్వల ముక్కలు ఉంటాయి, అవి కరిగి నీళ్లను గట్టిపరుస్తాయి. అనుమానంగా ఉన్న ఇసుక మీదా రాళ్ల మీదా నిమ్మరసం పిండి చూడండి. బుస్సుమని నురగ వస్తే వాటిని వాడకండి. పాలరాతి ముక్కలకూ ఇదే మాట వర్తిస్తుంది.

వాలిస్నేరియా, హైడ్రిల్లా మొక్కలు మన కాలువల్లోనే దొరుకుతాయి, వేడిని తట్టుకుంటాయి, చేపల వ్యర్థాలను పీల్చుకుంటాయి. పంట కాలువలో నుంచి తెచ్చుకోండి, మురుగు డ్రెయిన్ నుంచి తేకండి. వాటిని రెండు వారాలు వేరే టబ్బులో, నీళ్లు రెండు మూడు సార్లు మారుస్తూ ఉంచితే పురుగుమందు జాడలు చాలావరకు పోతాయి, నత్తలు, జలగలు కనిపిస్తే ఏరేయవచ్చు. వెనకా పక్కలా మొక్కలు గుబురుగా, ముందు భాగం ఖాళీగా ఉండేలా నాటండి. దాక్కోవడానికి చోటుందని తెలిసిన గుంపే ధైర్యంగా ముందుకు వచ్చి తిరుగుతుంది. బోడి తొట్టెలో అదే గుంపు ఒక మూల ముడుచుకుపోతుంది.

ఫిల్టరు విషయంలో ఆడంబరం అక్కరలేదు. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చిన్న చేపలను లాక్కోదు, నీటి ప్రవాహాన్ని మృదువుగా ఉంచుతుంది, ఇన్వర్టరు మీద కూడా నడుస్తుంది. తొట్టె మీద మూత తప్పనిసరి, ఎందుకంటే డానియోలు ఎగిరి బయటపడతాయి.

నీళ్లు పండేదాకా ఆగండి

ఎక్కువ చేపలు చనిపోయేది ఈ దశలోనే, కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవండి. చేపలు విసర్జించేది, మిగిలిన మేత కుళ్లినప్పుడు పుట్టేది అమ్మోనియా. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గానూ, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఇవి ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టెలో నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అందులో ఈ బ్యాక్టీరియా ఉండదు.

మన వేడిలో ఈ విషయం మరింత ముఖ్యం. నీళ్లలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే విషం. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తంలో సుమారు అర శాతం విషరూపంలో ఉంటే, పీహెచ్ 8 అయినప్పుడు అది 5 శాతం దాటుతుంది. నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే 7 శాతం దాటుతుంది. పీహెచ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లతో మే నెలలో తొట్టె మొదలుపెట్టినవారి చేపలు వారంలో పోవడానికి కారణం ఇదే. కొత్త తొట్టెను నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మొదలుపెడితే ఈ గండం చాలావరకు తప్పుతుంది.

తొట్టె నింపి, ఫిల్టరు నడుపుతూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. ఆక్వా షాపులో దొరికే కిట్‌తో వారానికి రెండు సార్లు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ ఒకసారి పెరిగి, మళ్లీ సున్నాకు వచ్చి, మేత వేస్తున్నా సున్నాగానే ఉంటే నీళ్లు సిద్ధమైనట్టు. ఆరోగ్యంగా నడుస్తున్న అక్వేరియం ఉన్నవారు తెలిసివుంటే, వారి స్పాంజిని మీ తొట్టెలో పిండించుకోండి. ఆ గోధుమరంగు మడ్డిలో మీకు కావలసిన బ్యాక్టీరియా ఉంటుంది, వ్యవధి తగ్గుతుంది. వారి తొట్టెలో జబ్బు లేదని మాత్రం ముందే నిర్ధారించుకోవాలి.

చేపలను ఇంటికి తేవడం

షాపుకు వెళ్లాక ఒక చేపను చూడకండి, గుంపును చూడండి. తొట్టెలో ఒక్కటైనా చచ్చి తేలి ఉన్నా, కొన్ని పైన నోరు తెరుస్తూ ఉన్నా, ఒళ్లంతా రాళ్లకు రుద్దుకుంటున్నా అందులోని ఏ చేపనూ కొనవద్దు. కొత్త సరుకు దిగిన రోజున కూడా కొనవద్దు. చెన్నై కొళత్తూరు లాంటి రంగుచేపల కేంద్రాల నుంచి సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన చేపల్లో బలహీనమైనవి మొదటి వారంలోనే పోతాయి. వారం ఆగి వెళ్తే గట్టివి మిగిలి ఉంటాయి.

ఎన్ని కొనాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఆరు కనీసం, పది పన్నెండు ఉంటే మంచిది. గుంపు చేపకు తోటి చేపలే రక్షణ. చూపుతోనూ, ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖతో నీటి కదలికను గ్రహించడంతోనూ పక్కదాన్ని అనుసరిస్తూ అది తిరుగుతుంది. ఒకటి రెండు మాత్రమే ఉంటే నిరంతరం బెదురుతూ, మేత సరిగా తినక, రంగు వెలిసి, జబ్బున పడుతుంది. డానియోలు, టైగర్ బార్బులు తక్కువ సంఖ్యలో ఉంటే ఇతర చేపల రెక్కలు కొరుకుతాయి. వాటి సంఖ్య పెంచితే ఆ దుడుకుతనం వాటిలో వాటికే సరిపోతుంది. అందుకే నాలుగు రకాలు మూడేసి చొప్పున తెచ్చుకోవడం కన్నా ఒకే రకం పన్నెండు తెచ్చుకోండి. అవి ఒక్కసారిగా మలుపు తిరిగినప్పుడు కనిపించే అందం కలగాపులగపు తొట్టెలో ఎన్నటికీ రాదు. ఏంజెల్ చేపలు పెరిగాక నియాన్లను, కార్డినళ్లను మింగేస్తాయి, కలపకండి.

పన్నెండింటినీ ఒకేరోజు వేస్తే కొత్త ఫిల్టరు తట్టుకోలేదు కాబట్టి ముందు ఆరు, మూడు వారాల తరువాత ఆరు తెచ్చుకోండి. రెండో విడతను వేరే చిన్న తొట్టెలో మూడు వారాలు గమనించాక కలపాలి. ఆ చిన్న తొట్టెకు పెద్ద హంగు అక్కరలేదు. ఒక ప్లాస్టిక్ టబ్బు, ఒక స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి ఒక మొక్క చాలు.

సంచిని విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు తొట్టె నీళ్ల మీద తేలనిచ్చి, వేడి సమానమయ్యాక విప్పండి. దగ్గరి షాపు నుంచి తెచ్చినవైతే అరగంట పాటు కొద్దికొద్దిగా మీ నీళ్లు కలపవచ్చు. చాలా గంటలు సంచిలో ఉన్నవైతే ఆలస్యం చేయకూడదు: మూసిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు గాలి వల్ల పీహెచ్ తగ్గి అమ్మోనియా విషం అణిగి ఉంటుంది, విప్పగానే ఆ గాలి పోయి పీహెచ్ పెరుగుతుంది, అణిగిన విషం లేస్తుంది. అలాంటప్పుడు వేడి సరిచూసి, వలతో ఎత్తి వెంటనే తొట్టెలోకి మార్చండి. సంచి నీళ్లను ఏ పరిస్థితిలోనూ తొట్టెలో పోయవద్దు. ఆ రోజు లైటు ఆర్పి ఉంచండి, మేత వేయకండి.

మేత

వీటి నోరు ఆవగింజంత. రేకుల మేతను వేళ్ల మధ్య నలిపి, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే, రోజుకు రెండుసార్లు వేయండి. వారంలో ఒకరోజు మేత మానేయడం మంచిది. ఇంట్లో రొయ్యల మేత ఉందని దాన్ని దంచి వేయకండి. అది వేగంగా అడుగుకు మునిగి కుళ్లుతుంది, డానియోలు పైపొరలో తినే చేపలు.

వారానికి రెండు మూడు సార్లు జీవమున్న మేత దొరికితే చేపల రంగు, చురుకుదనం వారాల్లోనే మారుతుంది. శుభ్రమైన నీళ్ల తొట్టెలో పట్టిన దోమ లార్వాలను వలలో వడకట్టి, కడిగి వేయవచ్చు. కాకినాడ తీరం వైపు రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే బుల్లి రొయ్యలాంటి జీవి) గుడ్లు కొద్దిగా సంపాదించగలిగితే మరీ మంచిది. లీటరు నీళ్లలో 25 గ్రాముల ఉప్పు కరిగించి, అర చెంచా గుడ్లు వేసి, గాలి గొట్టంతో గట్టిగా బుడగలు వచ్చేలా ఉంచితే 28 డిగ్రీల వేడిలో ఒక రోజులో పిల్లలు బయటికి వస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, నారింజరంగు పిల్లలు అడుగున చేరతాయి. వాటిని సన్నని గొట్టంతో లాగి, పలుచని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి.

వారం వారం

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. సైఫన్ గొట్టంతో ఇసుక మీద పేరుకున్న మడ్డిని లాగుతూ తీయాలి. కొత్త నీళ్ల వేడి తొట్టె నీళ్లకు ఒకటి రెండు డిగ్రీలలోపు తేడాతో ఉండాలి. వేసవి మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున పట్టి, ఇంట్లోనే నిలవ ఉంచండి. స్పాంజిని పంపు కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చస్తుంది. తొట్టె నుంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా పిండి మళ్లీ పెట్టేయండి.

ఆవిరైన నీళ్లను భర్తీ చేయడమూ నీళ్లు మార్చడమూ ఒకటి కాదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టెలోనే ఉంటాయి. వేసవిలో రోజూ బోరు నీళ్లతో మట్టం సరిచేస్తూ పోతే రెండు నెలల్లో టీడీఎస్ పెరిగిపోతుంది. భర్తీకి మాత్రం ఆర్వో నీళ్లు వాడండి.

రోజూ మేత వేసేటప్పుడు చేపలను లెక్కపెట్టే అలవాటు చేసుకోండి. గుంపు మొత్తం మేత దగ్గరకు పరుగెత్తినప్పుడు వెనకబడినది ఏదో, పక్కకు తప్పుకున్నది ఏదో అప్పుడే కనిపిస్తుంది. రెక్కలు ఒంటికి అంటించుకుని, మొక్క చాటున ఒంటరిగా తల కిందికి వంచి నిలబడిన చేప జబ్బు మొదలైందని చెబుతోంది. మచ్చలు, పుండ్లు బయటపడేది దాని తరువాత కొన్ని రోజులకు.

వేడి, కరెంటు, దోమల మందు

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉండగలిగినది, 32 డిగ్రీల వద్ద 7.3కు దిగుతుంది. అదే వేడిలో చేపకు అవసరం మాత్రం పెరుగుతుంది. చెరువు సాగు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున చేప తేలడం ఎందుకో, ఏరియేటర్లు రాత్రిపూట ఎందుకు తిప్పుతారో ఇంట్లో తొట్టెకూ అదే కారణం. మొక్కలు రాత్రి ప్రాణవాయువును వాడుకుంటాయి కాబట్టి గాలి పంపును రాత్రి ఆపకూడదు. వేసవిలో రెండో గాలి రాయి కలపండి, మేత తగ్గించండి, లైటు ఆరు గంటలకు మించి వేయకండి.

మూత తీసి వల కప్పి, చిన్న ఫ్యాను గాలి నీటి ఉపరితలం మీదుగా వీచేలా పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రోహిణి కార్తె వడగాలుల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత రోజుల్లో గాలిలో తేమ నిండి ఉండడం వల్ల అంతగా పనిచేయదు. ఐసు గడ్డలు వేయడం, గడ్డకట్టిన సీసాలు ముంచడం అలవాటు చేసుకోకండి. గంటలో మూడు డిగ్రీలు దిగి మళ్లీ ఎక్కడం, నిలకడగా 31 ఉండడం కన్నా చేపకు కష్టం.

కరెంటు పోయినప్పుడు గాలి పంపు ఇన్వర్టరు మీద ఉండేలా ముందే ఏర్పాటు చేయండి. అది వాడేది నాలుగైదు వాట్లే. లేనివారు బ్యాటరీ గాలి పంపు ఒకటి కొని ఉంచాలి. తుఫాను వచ్చి రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే మేత పూర్తిగా ఆపేయండి, ఎదిగిన చేపలు వారం పాటు తిండి లేకుండా ఉండగలవు. గంటకోసారి ఒక గ్లాసుతో నీళ్లు తోడి అడుగు ఎత్తు నుంచి పదిహేను ఇరవైసార్లు పోస్తూ ఉంటే గుంపు నిలబడుతుంది. చాలా గంటలు ఆగిపోయిన ఫిల్టరును తొట్టె నీళ్లలో కడగకుండా తిరిగి నడపవద్దు, అందులో చచ్చిన బ్యాక్టీరియా కుళ్లి ఉంటుంది.

డెల్టాలో దోమలు ఎంతో మనకు తెలుసు. దోమల మందుల్లో ఉండే పైరిత్రాయిడ్లు మనుషులకన్నా చేపలకు ఎన్నో రెట్లు ప్రమాదకరం, పైగా గాలి పంపు గదిలోని గాలినే లాగి నీళ్లలోకి కొడుతుంది. అక్వేరియం ఉన్న గదిలో స్ప్రే కొట్టకండి, దోమల చుట్టగాని ప్లగ్ మందుగాని పెట్టకండి. కిటికీలకు మెష్ వేయించుకోవడమే దారి. పొలంలో మందు కొట్టి వచ్చినవారు చేతులు సబ్బుతో కడుక్కున్నా ఆ రోజు తొట్టెలో చేయి పెట్టకూడదు.

జబ్బు పడితే

డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలికి నీళ్లు ఒక్కసారిగా చల్లబడినప్పుడు తెల్లమచ్చ వస్తుంది. ఒంటి మీదా రెక్కల మీదా ఉప్పు రేణువులు చల్లినట్టు కనిపిస్తుంది. చర్మంలో దాగి ఉన్న పరాన్నజీవికి మందు తగలదు, అది రాలి, విడిపోయి, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే మచ్చలు మాయమైనా చికిత్స ఆపకూడదు. హీటరుతో రెండు రోజుల్లో మెల్లగా 30 డిగ్రీలకు తెచ్చి, గాలి పెంచి, రెండు వారాలు అలాగే ఉంచండి. తోడుగా లీటరుకు ఒక గ్రాము చొప్పున అయోడిన్ కలపని కళ్లుప్పును కరిగించి, రెండు రోజుల్లో మూడు విడతలుగా పోయండి. మాలకైట్ గ్రీన్ ఉన్న మందు వాడవలసి వస్తే టెట్రాలకు సగం మోతాదే ఇవ్వాలి.

నోటి చుట్టూ, వీపు మీద దూదిలాంటి తెల్లని పొర కడితే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. దానికి వేడి పెంచితే జబ్బు మరింత ముదురుతుంది. కాబట్టి మచ్చలు వచ్చాయా, పొర కట్టిందా అన్నది టార్చి వేసి దగ్గరగా చూసి తేల్చుకున్నాకే హీటరు ముట్టండి. జబ్బు చేపను వేరుచేయండి, నీళ్లు మార్చండి, వేడి తగ్గించండి. రొయ్యల సాగుకని ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్‌ను లెక్క లేకుండా తొట్టెలో కలిపితే ఫిల్టరులోని బ్యాక్టీరియా దెబ్బతిని అమ్మోనియా పెరుగుతుంది.

నియాన్, కార్డినల్ చేపల్లో రంగు గీత మధ్యలో పాలిపోయి, వెన్ను వంకర తిరిగి, చేప గుంపుకు దూరమైతే అది నియాన్ టెట్రా జబ్బు. దానికి మందు లేదు. చచ్చిన చేపను తోటి చేపలు పొడుచుకు తింటే వాటికీ సోకుతుంది కాబట్టి లక్షణాలు కనిపించిన రోజే దాన్ని వేరే టబ్బుకు మార్చి, ఆ వలను ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే మళ్లీ తొట్టెలో వాడండి.

పెంచడం ఇక వీలుకాదనుకున్న రోజున చేపలను కాలువలోనో చెరువులోనో వదలవద్దు. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప ఇప్పటికే మన రాష్ట్రపు నదుల్లోనూ చెరువుల్లోనూ పెరిగి వలలకు నష్టం చేస్తోంది. మీ గుంపును షాపుకు తిరిగి ఇవ్వండి, లేదా తొట్టె ఉన్న మరొకరికి, నీళ్ల టీడీఎస్ ఎంతో చీటీ మీద రాసిచ్చి మరీ అప్పగించండి.